మూడు పూతల వానాకాలం

ముసురు పట్టిన రోజుల్లో, మహబూబాబాదులో నా పార్లర్ షట్టర్ పైకెత్తగానే ముందుగా తగిలేది తడి తువ్వాళ్ల వాసన. ఎంత ఉతికినా, ఎంత ఇస్త్రీ చేసినా, మూడు రోజులు ఎండ పొడ లేకపోతే నూలుగుడ్డలోంచి ఒక పుల్లటి, ముక్కిపోయిన వాసన లేస్తుంది. మొన్న అలాంటి ఒక పొద్దున ఒక తువ్వాలను రెండు వేళ్లతో ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూసి, బకెట్లో పడేశాను. పడేశాక నాకే నవ్వొచ్చింది. ఆ ఎత్తడం, ఆ కళ్లు మూసుకోవడం, ఒక్క మాటా అనకుండా పడేయడం నావి కావు. భూపాలపల్లిలో నాకు ఈ పని నేర్పిన స్వరూపక్కవి.

స్వరూపక్క పొట్టి మనిషి. మాట తక్కువ, నడక వేగం. భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు. కార్మికుల క్వార్టర్లకు దగ్గరలో, రోడ్డు మీదికి తెరుచుకునే ఒక గదిని అద్దెకు తీసుకుని పార్లర్ నడిపేది. బోర్డు మీద బ్యూటీ పార్లర్ అని రాసి ఉన్నా ఆమె నోట ఎప్పుడూ దుకాణమే. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, గోడకు ఒక ఫ్యాను. నేను గంగారం దగ్గరి ఒక తండా పిల్లను. మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాక, భూపాలపల్లిలో ఉండే మా పెద్దమ్మ నన్ను తీసుకొచ్చి స్వరూపక్క ముందు నిలబెట్టింది. తెలుగులో తప్పు మాట్లాడతానేమోనని భయపడి నేను తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసి, "చేతులు మెత్తగున్నయి. ఉండనియ్యి" అంది పెద్దమ్మతో.

మొదటి నెలంతా ఎవరి ముఖమూ ముట్టుకోనివ్వలేదు. తువ్వాళ్లు ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ చేయడం, అంతే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మొఖం అంటే బండ కాదు బిడ్డా, కడుగుకుంట పోనీకి. ముందుగాల చూసుడు నేర్చుకో" అంది. చూడటానికి ఏముంటుందో నాకు అర్థం కాలేదు. నేను ఆ పనిలోకి వచ్చింది చూడటానికి కాదు, తెల్లబడటం ఎలాగో తెలుసుకోవడానికి. బళ్లో, బస్సులో, పెళ్లిళ్లలో నా రంగు గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉండేవారు. పార్లర్లో ఏదో రహస్యం ఉంటుందని, అది దొరికితే ఆ మాటలు ఆగిపోతాయని నా నమ్మకం. ఒకసారి ఎవరో "తెల్లగయితనా అక్కా?" అని అడిగితే నేను ముందుకు పడి "అయితరు" అన్నాను. ఆమె వెళ్లేదాకా ఆగి స్వరూపక్క చెప్పింది: "ఆ మాట నా దుకాణంల ఎవ్వలకు చెప్పకు. చర్మం మంచిగుంటదని చెప్పు. రంగు వాళ్లది, దాన్ల మన పనేం లేదు."

ఆ మాట నా చెవికెక్కలేదు. నా చెవులన్నీ ఫోన్లోనే ఉండేవి. అప్పటికి కొరియా పిల్లల వీడియోలు మా ఊళ్లదాకా వచ్చాయి. చర్మం అద్దంలా మెరవాలంటే వరసగా పూయాలని వాటిలో చెప్పేవారు. ముందు నూనెతో కడగాలి, మళ్లీ నురుగుతో కడగాలి, తర్వాత నీళ్లలాంటి టోనర్, దాని మీద ఎసెన్స్, దాని మీద సీరం, కాగితం మాస్కు, కళ్ల కింద ఒక క్రీము, ముఖమంతా ఇంకో క్రీము, పైన ఎండ తగలకుండా సన్‌స్క్రీన్. లెక్కపెడితే తొమ్మిది. నేను చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటే తెప్పించుకుని స్వరూపక్క ముందు వరసగా పెట్టాను. ఆమె కొట్టిపారేయలేదు. ఒక్కో మూత తీసి, చుక్క మణికట్టు మీద వేసుకుని, రాసి చూసింది.

"మంచిగనే ఉన్నయి గివి. మరి గాళ్లకు వానకాలం ఉండదా?" అని అడిగింది.

"నాకేం ఎర్క అక్కా."

"ఎర్క లేకుంటె చూడు. ఫోను నీ చేతులనే ఉంది గద."

చూశాను. వాళ్లకూ వానాకాలం ఉంది. వారాల తరబడి ముసురు పడుతుందట. ఆ రోజుల్లో వాళ్లూ బరువైన క్రీములు పక్కన పెట్టి, పూతలు తగ్గించుకుంటారట. నేను చూసిన వీడియోలన్నీ చలికాలానివో, చల్లటి గదుల్లో తీసినవో అయ్యుంటాయని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. స్వరూపక్క మాత్రం ఆ ఒక్క ముక్కతో ఆగలేదు. "చూస్తె గని తెల్వదు" అని తన ముఖం మీదే పరీక్ష పెట్టుకుంది. ఎడమ చెంపకు తొమ్మిది పూతలూ, కుడి చెంపకు మూడే. "ఎడమ దిక్కు కొరియా, కుడి దిక్కు భూపాలపల్లి" అని నవ్వేది. వారం రోజులు వానలో తడుస్తూ, చెమటలు కక్కుతూ అలాగే పనిచేసింది. అయిదో రోజుకల్లా ఎడమ చెంప మీద ఆవగింజలంత పొక్కులు లేచాయి. కుడి చెంప నున్నగా ఉంది. రెండు చెంపలూ నాకు చూపిస్తూ ఆమె చిన్నపిల్లలా సంబరపడుతుంటే నేను సీసాలు సర్దే వంకతో పక్కకు తిరిగాను. ఎందుకంటే అంతకు మూడు వారాల ముందు, ఆమె లేని ఒక పూట, నేను ఒక పెళ్లికూతురికి ఆ తొమ్మిది పూతలూ నేర్పి పంపాను.

ఆ అమ్మాయి పేరు రమ్య. ఊరు కాటారం. శ్రావణంలో పెళ్లి. స్వరూపక్క హన్మకొండ వెళ్లిన రోజు వచ్చి, నలుగురిలో మెరిసిపోవాలని అడిగింది. నేనే పెద్ద తెలిసినదాన్నిలా కాగితం మీద వరస రాసిచ్చి, పొద్దునా సాయంత్రం తప్పకుండా పూయమన్నాను. స్వరూపక్క చెంప చూశాక అయినా నేను నోరు విప్పి ఉండాల్సింది. ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. అయిదో రోజు తల్లిని వెంటబెట్టుకుని రమ్యే వచ్చింది. ముఖం చుట్టూ చున్నీ. చున్నీ తీస్తే నుదురంతా, చెంపలంతా ఎర్రటి పొక్కులు. పెళ్లికి ఇంకా పది రోజులే ఉన్నాయి.

"మీ దుకాణంల చెప్పిందే పూసింది. ఈ మొఖం పెట్టుకొని పీటల మీద ఎట్ల కూసుంటది?" అంది తల్లి. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది అనిపించింది. స్వరూపక్క ఒక్కసారి నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమె రమ్య గడ్డం కింద చేయి పెట్టి, ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసి, తల్లితో అంది: "తప్పు మాదే అక్కా. మా దగ్గరనే జరిగింది. నా చేతుల లేని పని నేను చెయ్య, పొద్దుగాల డాక్టరుకు చూపిద్దాం. నేను వస్త." ఏ తప్పో, ఎవరు చేశారో ఆమెకు అప్పటికి పూర్తిగా తెలియదు కూడా.

వాళ్లు వెళ్లాక "ఎప్పుడు చెప్పినవ్?" అని అడిగింది. చెప్పాను. "నా చెంప చూసినంక అయినా చెప్పొచ్చు గద" అంది. అంతే. తిట్టి ఉంటే ఏడ్చేసి మర్చిపోయేదాన్నేమో. ఆ మెత్తటి మాట ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది.

మరునాడు తల్లీకూతుళ్లు, స్వరూపక్క ముగ్గురూ బస్సులో హన్మకొండ వెళ్లారు. చెమట, నూనె, తడి కలిసి చర్మం రంధ్రాలు మూసుకుపోయాయని, పూసేవన్నీ ఆపేసి తాను రాసిన మందు ఒక్కటే వాడమని డాక్టరు చెప్పాడట. తిరిగి రాగానే స్వరూపక్క నాతో అంది, "రేపటిసంది రోజు కాటారం నువ్వే పోవాలె."

"పోయి ఏం చెయ్యాలక్కా?"

"ఏం చెయ్యకు. మొఖం కడుక్కున్నదా, మందు పెట్టుకున్నదా చూడు. తుడుచుకునే గుడ్డ ఆరిందా చూడు. గిల్లుకోకుంట చూడు. ఏం పూయకుంట కూసునుడు కూడా పనే బిడ్డా."

రోజూ వానలో కాటారం బస్సెక్కేదాన్ని. మొదటి రెండు రోజులు రమ్య తల్లి వసారాలో చాప వేసి లోపలికి వెళ్లిపోయేది. మూడో రోజు నేనే వంటింటి గడప దగ్గర నిలబడి "ఆ కాగితం రాసిచ్చింది నేనే అమ్మా. అక్కకు తెల్వదు" అన్నాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించుతూ, "తెల్సు. ఆ దినం నీ మొఖం చూస్తెనే సమజైంది. నీ నోట్లకెళ్లి ఎప్పుడొస్తదా అని చూస్తున్న" అంది. ఆ రోజు నాకు చాయ్ ఇచ్చింది. రమ్య తన మంచం మీద కూర్చుని, పెళ్లికొడుకు మేనత్త తన ఫోటో చూసి పిల్ల నలుపన్నదని, ఆ మాటకే ఇదంతా చేశానని చెప్పింది. నేను నా మాటలు చెప్పాను. బళ్లో ఏమన్నారో, బస్సులో ఏమన్నారో. ఎవరికీ చెప్పనివి. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఎదురుగా ఉన్న ముఖాన్ని వారం రోజులు ఏమీ పూయకుండా చూస్తూ కూర్చుంటే, దాని రంగులో ఎన్ని రంగులున్నాయో మెల్లగా కనబడింది. స్వరూపక్క నేర్చుకోమన్న చూపు అదేనేమో.

పెళ్లినాటికి పొక్కులు చాలావరకు అణిగాయి. నుదుటి మీద మూడో నాలుగో మచ్చలు మిగిలాయి. బయట ఒకటే వాన. స్వరూపక్క చేతులు కడుక్కుని, పలచటి జెల్ ఒకటి రాసి, దాన్ని ఆరనిచ్చి, ఆ పైన తేలిక పౌడరు అద్ది, మచ్చలు ఉన్నచోట మాత్రమే కాస్త రంగు పెట్టింది. ముఖాన్ని తెల్లగా చేసే ప్రయత్నమే చేయలేదు. రమ్య అద్దంలో చాలాసేపు చూసుకుని, "నా లెక్కనే ఉన్న" అంది. తల్లి స్వరూపక్క చేతిలో రెండు తమలపాకులు, వక్క పెట్టింది, నా చేతిలో కూడా.

ఆ తర్వాత మా దుకాణంలో వానాకాలానికి వేరే పద్ధతి వచ్చింది. కొరియా వరసను పారేయలేదు, మా గాలికి తగ్గట్టు కుదించుకున్నాం. పొద్దున మెత్తటి నురుగుతో ఒకసారి కడగడం. పూతలు మాత్రం మూడే: నీళ్లలాంటి టోనర్, పలచటి జెల్, మబ్బు పట్టినా సన్‌స్క్రీన్. ఒకటి ఆరితేగానీ ఇంకొకటి పూయకూడదు. సాయంత్రం నూనెతో సన్‌స్క్రీన్ వదిలించి, కడిగి, జెల్ రాసుకుంటే చాలు. చేతి వెనక భాగం చెంపకు ఆనిస్తే అంటుకోకూడదు, అంటుకుంటే ఎక్కువైనట్టు. మిగతా సీసాలు చలి మొదలయ్యాక, ఒక్కొక్కటే, చర్మం అడిగితేనే. గనిలో పనిచేసేవాళ్ల భార్యలు, కాలేజీ పిల్లలు, కలెక్టరాఫీసులో పనిచేసే ఆడవాళ్లు అందరికీ అదే చెప్పేవాళ్లం. నా ముఖం మీదా పూతలు తగ్గిపోయాయి. రంగు మారలేదు. మారాలనుకోవడమే ఎప్పుడో, నాకు తెలియకుండానే, ఆగిపోయింది.

స్వరూపక్క భర్త రిటైరయ్యాక నేను మహబూబాబాదు వచ్చి సొంతంగా పార్లర్ పెట్టుకున్నాను, వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి జనగామ వెళ్లారు. అక్కడ కూతురి పిల్లలను ఆడిస్తూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ల కనుబొమలు దిద్దుతూ హాయిగా ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. దుకాణం ఎలా నడుస్తోందని అడగదు, "కొత్తగ ఏం నేర్చినవ్?" అని అడుగుతుంది.

పోయిన నెల నా దగ్గర ముఖం శుభ్రం చేయించుకున్న ఒక టీచరమ్మకు సాయంత్రానికల్లా చెంప ఎర్రబడింది. వాళ్లింటి నుంచి ఫోను రాలేదు. ఆమె పక్కింటావిడ మాటల్లో విన్నాను. వింటూనే దుకాణం మూసి వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన ఆమె భర్త ఎవరు కావాలని అడిగాడు. లోపల కుర్చీలో కూర్చున్న టీచరమ్మ నన్ను చూసి, నేనేదో సర్దిచెప్పడానికి వచ్చానని ముఖం తిప్పుకుంది. "తప్పు నాదే మేడం. రుద్దుడు ఎక్కువైంది. డాక్టరు దగ్గరికి పోదాం, నేను వస్త" అన్నాను. ఆ మాట కోసం నేను వెతుక్కోవలసిన పని పడలేదు. టీచరమ్మ ముఖం మళ్లీ నా వైపు తిప్పి, లేచి చెప్పులు వేసుకుంది.