వరదరాజులు ముక్కు

వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి మొదట్లో వరదరాజులు కాఫీపొడి అంగడి ఉంది. పొద్దున ఆరింటికి గింజలు వేయించే డ్రమ్ము తిరగడం మొదలైందంటే పొగ మంచులా కమ్మి, ఎదురుగా ఉన్న బస్‌స్టాపు కూడా కలలోదిలా మసకబారుతుంది. ఆ పొగలో ఆయన స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. గడియారం చూడడు, గింజ రంగు చూడడు. వాసన చెప్పినప్పుడు మంట ఆపుతాడు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి అది.

నాలుగేళ్ల కిందట వచ్చిన జ్వరం ఆయన ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి ఆయనకు మాత్రం తెలియదు. నలభై ఏళ్ల అలవాటు కదా, డ్రమ్ము తిరిగితే చాలు, పాత వాసన జ్ఞాపకంలోంచి లేచి వచ్చేది. పక్కనే పాలు మాడుతున్నా ఆయన కదలకపోవడం కూతురు శ్రీజ చూసింది. చెబితే నవ్వేశాడు. ఎవరైనా పొడి మాడిందంటే "మీ పాలు సరిలేవు" అనేవాడు. బాగుందన్న మాటను మాత్రం పదిమందికి చెప్పేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒక బుధవారం శ్రీజ డ్రమ్ము పక్కనే నిలబడి ఉంది.

"ఆపు నాయనా, మాడిపోతా ఉండాయి."

"ఉండుమ్మా. ఇంకా వాసన రాలే."

ఆయనకు వాసన వచ్చేసరికి గింజలు బొగ్గులయ్యాయి. శ్రీజ పారబోయబోయింది. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఈడ పెట్టు. తాగినోళ్లే చెప్తారు."

ఆ గింజలనే పొడి కొట్టి, డికాషన్ దించి, అంగడి ముందున్న నాకూ జయరామన్‌కూ చెరో గ్లాసు కాఫీ ఇచ్చాడు. జయరామన్ రిటైరైన బడి మాస్టరు, నలభై ఏళ్లుగా ఆ పొడి తప్ప మరొకటి ముట్టడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"సేమ్ టేస్టు సార్. మీ నాయన కాలం మాదిరే ఉంది."

నా నోరు చేదుతో వంకరపోయింది. కానీ అది వరదరాజులు పొడి, పైగా మాస్టరు మెచ్చుకున్నది. తప్పు నా నాలుకదే అనుకుని నేనూ తలూపాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గెలిచినవాడు నవ్వాలి. ఆయన నవ్వలేదు. తానూ ఒక గుక్క తాగాడు. ముక్కు పోయినా చేదు నాలుకకు తెలుస్తుంది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"దీన్ని కూడా బాగుందంటిరే," అన్నాడు మెల్లగా. "అయితే ఈ నాలుగేండ్లూ మీరు బాగుందన్నది దేన్ని?"

పాపం, మా మెచ్చుకోలు మీదే ఆయన ఇన్నాళ్లూ బతికాడు.

మర్నాడు స్టూలు మీద శ్రీజ కూర్చుంది. పొగ ఎప్పటిలాగే వీధంతా కమ్మింది. ఆయన కూతురి వెనక నిలబడ్డాడు.

"ఎట్టుండాదమ్మా వాసన?"

"బెల్లం పాకం మాదిరి వస్తా ఉండాది నాయనా. ఇంకొంచెం పోనీ."

ఆయన కళ్లు మూసుకోలేదు. గట్టిగా ఊపిరి పీల్చాడు, కాసేపు ఆగి మళ్లీ పీల్చాడు.

"నాకేమీ రావడంలా తల్లీ," అన్నాడు. "నువ్వే చెప్తా ఉండు."