ఈ అతుకయ్యాక

కరెంటు పోయింది. గ్రైండరు రొద ఆగగానే తడి ఇసుకా రాతిపొడీ కలిసిన వాసన గుప్పున తగిలింది. రోడ్డు మీద అరసవల్లి పోయే ఆటోల గోల తప్ప షెడ్డులో చప్పుడు లేదు. ఈ వాసన తగిలితే చాలు, మా మావయ్య ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. నా భర్తకి తండ్రి ఆయన, రాతిబొమ్మలు చెక్కేవాడు. నిలువెత్తు బొమ్మకి సరిపడే ఒకే రాయి తెచ్చే స్తోమత మాకెక్కడిది? కాళ్లొక రాయి, నడుమొక రాయి, తలొక రాయి చెక్కి అతికేవాడు. అతుకు తెలియకూడదంటే ఒక రాయి మీద ఇంకోటి పెట్టి, మధ్యలో ఇసుకా నీళ్లూ పోసి, రెండూ ఒకదానికొకటి ఒదిగేదాకా రుద్దాలి. పై రాయికి చెరోవైపు తాడు ఉంటుంది. తిరగలి దగ్గర ఆడవాళ్లలా ఎదురెదురుగా కూర్చుని ఒకరు లాగితే ఒకరు వదలాలి.

అవతలి తాడు నా భర్తది. పెళ్లయిన కొన్నాళ్లకే జ్వరమొచ్చి పోయాడు. భావనపాడు జాలర్లు చేయించుకుంటున్న బొమ్మ, వల లాగుతున్న మనిషి, నడుము దగ్గర ఆగిపోయింది. కర్మలయ్యాక ఒక పొద్దున చూద్దును కదా, మావయ్య ఒక్కడే ఇటు లాగి, లేచి అటెళ్లి మళ్లీ లాగుతున్నాడు. చూడలేకపోయాను. వెళ్లి అటువైపు కూర్చున్నాను.

"తొయ్యకమ్మీ. లాగి వదిలెయ్. ఆనక నాను లాగుతాను" అన్నాడు, అంతే.

ఆ వారమే రాజాం నుంచి మా అన్నయ్య వచ్చాడు. "మగోడే పోయాక ఇక్కడ దీనికేటున్నాది మావా? తీసుకెల్లిపోతాను" అన్నాడు. పుట్టింట్లో వదిన మొహం తలుచుకుంటేనే నాకు వెళ్లబుద్ధి కాదు. ఇక్కడ ఉండే హక్కు ఉందో లేదో తెలియదు. ఉండమని మావయ్య ఒక్క మాటంటే చాలునని చూస్తున్నాను. ఆయన కింది రాయికి ఎర్రటి జేగురు పూసి, పై రాయి దించి, మళ్లీ కప్పీతో లేపాడు. పై రాయికి ఎరుపు అక్కడక్కడే అంటింది. అంతటా అంటితేనే రెండు రాళ్లూ ఒదిగినట్టు.

"సూడు బాబూ, అంతటా అంటనేదు. ఈ అతుకయ్యాక ఎల్తాదిలే."

నాకు ఒళ్లు మండిపోయింది. పని కోసమా నేను? రాత్రికి చేతులు పుళ్లయిపోయి అన్నం కలుపుకోలేకపోయాను. ఆయన చెంచా తెచ్చి పళ్లెంలో పెట్టాడు.

నడుము అతుకు అయింది. అన్నయ్య మళ్లీ వచ్చాడు. "మెడ అతుకున్నాది. అదయ్యాక ఎల్తాది" అన్నాడు మావయ్య. ఆ బొమ్మ భావనపాడు చేరింది, ఇంకో బొమ్మ వచ్చింది, ఇంకో అతుకు. ఏళ్లు గడిచాయి. చివరికి మా అన్నయ్యే నవ్వి, "ఏటి మావా, ఇంకా అవ్వనేదేటి?" అని అడిగి, టీ తాగి వెళ్లిపోయేవాడు. ఉండమని ఆయన ఎన్నడూ అనలేదు. నేనూ అడగడం మానేశాను.

మంచాన పడ్డాక షెడ్డులోనే పక్క వేయించుకున్నాడు. తాడు అవతల కూలిమనిషిని పెట్టుకుని నేను ఒక తల అతుకు రుద్దుతున్నాను. "ఇదయ్యాక నాను ఎల్తానమ్మీ" అన్నాడొక రోజు. అప్పటికే అతుకు అయిపోయింది, ఎరుపు అంతటా అంటింది. ఆయన చూసేలోగా కొంగుతో కొంత తుడిచేసి, "అవ్వలేదు మావా, చూడు" అన్నాను.

ఆయన రాయినీ చూశాడు, నా కొంగునీ చూశాడు. "అవునమ్మీ" అని కళ్లు మూసుకున్నాడు. "ఇంకా సేనా పని ఉన్నాది."

మరో వారం ఉన్నాడు.

ఇప్పుడన్నీ మిషన్లే. కూలిమనిషీ మానేశాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, రేపటికి బొమ్మ ఇవ్వాలి. నడుం నొప్పి. అయినా తాడు అందుకుని కూర్చుంటాను. లాగుతాను, వదిలేస్తాను. కాసేపు చూస్తాను. రాయి అటు కదలదు. అప్పుడు లేచి, అటెళ్లి, నేనే లాగుతాను.