మామ నడిపిన కాశీ విమానం

పక్కింటి మామ పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో, బడిలో హాజరు తీసుకుంటున్నాను. "జగిత్యాల దవాఖానల పొద్దున కన్ను మూసిండు బిడ్డా, జల్ది రా" అంది. మా ఊరు కోరుట్ల చేరేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. అత్త ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయనకు ముందూ వెనకా మేమే.

మామ చాలా ఏళ్లు గల్ఫ్‌లో, విమానాలకు సామాన్లు ఎక్కించే పని చేశారు. తిరిగొచ్చి అందరిలా మేడ కట్టలేదు. పెద్ద కంప్యూటర్ కొని, దాంట్లో విమానం నడపడం నేర్చుకున్నారు. "గిన్నేండ్లు ఇమానం కడుపే చూసిన. ఇగ ముంగట కూసుంట" అనేవారు. తెర మీద విమానం నిజం ఊళ్ల మీద నిజంలాగే ఎగిరేది. దాన్ని ఆట అంటే మాత్రం ఆయనకు కోపం.

మధ్యాహ్నాలు మా వాడలో బీడీలు చేసే ఆడవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి కాశీ తిప్పి తెచ్చేవారు. బీడీల చాటలు గడప బయటే పెట్టాలి. "ఇమానంల తంబాకు నడవది" అని పైలట్ గారి ఆజ్ఞ. మొదటిసారి, పైలట్ సీటు ఎడమ పక్కన కాబట్టి తనకు బాగా కనిపిస్తుందని గుడి చుట్టూ ఎడమకు తిప్పారట. వెనక నుంచి ఓ ముసలమ్మ గదమాయించింది: "దేవుణ్ని ఎడమ చేతి దిక్కు పెట్టుకొని తిరుగుతరా ఎవలన్న?" మామ లెంపలేసుకుని, విమానం దించి, మళ్లీ మొదటి నుంచి లేపారు. అప్పటి నుంచి కుడికే తిప్పేవారు. పాపం, ఆయనకు గుడి సగమే కనిపించేది.

మా అమ్మ మాత్రం ఆ గడప తొక్కలేదు. నాన్న గల్ఫ్‌లో చనిపోతే విమానంలో పెట్టె వచ్చింది. ఆ తర్వాత ఆకాశంలో చప్పుడైనా ఆమె లోపలికి వెళ్లిపోయేది. కాశీ చూడాలని ఎంతో కోరిక. రైల్లో అంతసేపు కూర్చోవడానికి నడుము ఒప్పుకోదు, విమానం పేరెత్తితే తాను ఒప్పుకోదు.

ఓ ఆదివారం మామే మా ఇంటికొచ్చారు. "చెల్లే, బావను పంపిన కాడ నేను లేను. కని మనోళ్ల పెట్టె ఏది అచ్చినా నేనే ముంగట పడేటోన్ని. సామాన్ల లెక్క ఎయ్యనియ్యలే. మెల్లగ పెట్టి, మీద చెయ్యి ఆనిచ్చి పంపేటోన్ని. బావకు గూడ ఎవలో గట్ల చేసే ఉంటరు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "నడువన్నా" అంది.

తెర మీద విమానం లేస్తుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఘాట్లు కనిపించాక వదిలేసింది. "ఇంకోపారి తిప్పన్నా" అని అడిగింది. మామ నవ్వారు. "ఓపారి నిజంగనే పోదాం చెల్లే. పక్కన నేను కూసుంట." ఈలోగా ఆయన గుండె మొండికేసింది.

అస్థికలు గోదావరిలో కలుపుదామన్నారు వాడలో పెద్దవాళ్లు. అమ్మ ఒప్పుకోలేదు. "కాశికి తీస్కపోదాం. ఇమానంల నేనస్త" అంది. ఆ రాత్రే ఇద్దరికీ టికెట్లు తీశాను.

విమానంలో అస్థికల సంచిని పైన పెడదామని చేయి చాపాను. "సామాన్ల పెట్టకు బిడ్డా. నా ఒళ్లె ఉంటడు" అంది అమ్మ. దిగే ముందు విమానం ఓ పక్కకు ఒరిగింది. కింద నది మెరిసింది. అమ్మ సంచిని ఒళ్లోంచి ఎత్తి, కిటికీ అద్దానికి ఆనించింది.

"గంగ అచ్చింది అన్నా, చూడు."