శ్రావణి సిఫార్సు ఉత్తరం

మా పైవాటాలో ఉండే శ్రావణి విదేశంలో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది. అందుకు తనకు పాఠం చెప్పిన సార్ సిఫార్సు ఉత్తరం పంపాలట. "నువ్వే రాసుకురామ్మా, నా పేరుతో పంపేస్తా" అన్నాడట ఆయన. తనను తాను పొగుడుకోవడానికి పాపం పిల్లకు వారం పట్టింది.

ఉత్తరం వెళ్లిందో లేదో కనుక్కుందామని ఈ రోజు నా బండి మీద శ్రీనగర్ కాలనీలో ఆయనింటికి వెళ్లాం.

"అద్భుతంగా రాశావమ్మా! పేరొక్కటీ మార్చి మా మేనల్లుడిక్కూడా అదే పంపేశా. నీది రేపు పంపుతాలే" అన్నాడు.

"అదే యూనివర్సిటీకా సార్?" అని మెల్లిగా అడిగింది.

"అవును. అయితే ఏమైంది?"

నేనుండబట్టలేక, "సంతకమన్నా మీరే పెడ్తరా సార్, గది గూడ పిల్లనే పెట్టాల్నా?" అన్నాను. బయటికి పొమ్మన్నాడు.

కృష్ణానగర్‌లో ఇరవై ఏళ్లుగా వేరేవాళ్ల పేరు మీద డైలాగులు రాస్తున్నాను. ఈ రోగం మా సినిమావాళ్లకే ఉందనుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి, చదువుకున్నవాళ్ల సంగతి నాకేం తెలుసు?

ఇప్పుడు అదే ఉత్తరం మళ్లీ వెళ్తే, కాపీ కొట్టింది శ్రావణే అనుకుంటారు. అందుకని పొద్దుటికల్లా కొత్తది రాయాలి. ఉన్న మంచి మాటలన్నీ మేనల్లుడు పట్టుకుపోయాడు. మీ దగ్గరేమైనా మిగిలుంటే కింద కామెంట్లలో పెట్టండి, పిల్లకు ఇస్తాను.