తాళం వేసిన కాలమ్ మీద క్యారేజీ

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మనని గట్టిగా చెప్పాలనే ఉంది గానీ, సొరకాయ కూరని చూసి కేకలు పెడుతూ పరుగెత్తినవాడి మాటకి విలువేముంటుంది? ఆ తెలివితక్కువవాణ్ణి నేనే.

విశాఖలో ఉక్కు కొలిమి పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ప్రయోగం షెడ్డులో నేను ఆపరేటర్‌ని. మనిషెత్తు ఇనప గొట్టం, మేం కాలమ్ అంటాం, దాని నిండా నల్లటి బొగ్గు దిమ్మలు. పొగ పంపితే బొగ్గు ఆ గ్యాస్‌ని పీల్చి పట్టుకుంటుంది. బొగ్గులోకే కరెంటు ఇస్తే వేడెక్కి, పట్టుకున్నదంతా వదిలేస్తుంది. వేడెక్కితే గానీ కడుపులోది బయటపెట్టదు, అచ్చం నాలాగే. వదిలిన గ్యాస్ పక్కనున్న నీళ్ళ సీసాలోంచి బుడగలుగా పోతుంది.

ఆ కాలమ్ మూత మీద మేం మధ్యాహ్నం క్యారేజీలు వేడిచేసుకునేవాళ్ళం. చెయ్యకూడదు. అందరం చేసేవాళ్ళం.

ఆ రోజు మరమ్మతు. ముందురోజే కరెంటు ఆపేశాం కాబట్టి కాలమ్ పూర్తిగా చల్లారింది. ఇంకెవరూ కరెంటు ఇవ్వకుండా, పని చేసేవాడు స్విచ్‌కి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. అలాగే చేశాను. కేబుల్ విప్పాను, వాల్వులు మూశాను. అలవాటుకొద్దీ క్యారేజీ కూడా పెట్టాను.

భోజనం వేళ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కూర కుతకుతలాడుతోంది. సీసాలో బుడగలు. తాళంచెవి నా జేబులోనే ఉంది. కరెంటు లేకుండానే నాకు షాక్ కొట్టింది.

అరుచుకుంటూ బయటికి పరుగెత్తాను, అదీ ఇంజనీరు మేడమ్ వెంటబెట్టుకొస్తున్న అతిథుల మధ్యకి. వాళ్ళు లోపలికెళ్ళేసరికి కాలమ్ చల్లగా ఉంది. సాక్ష్యం చెప్పాల్సిన కూర నా పరుగులో నేలపాలైంది.

ఎలక్ట్రీషియన్ అప్పలరాజు నాకు వరసకి బావ. “ఏటి బావా, దెయ్యం కరెంటు బిల్లు కట్టిందేటి?” అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు, నాకు అదే ఎక్కువ సిగ్గు. కొత్తగా వచ్చే పెద్ద కాలమ్ బాధ్యత నాకిస్తామన్నవాళ్ళు బావకిచ్చారు. నన్ను గేటు దగ్గర సిలిండర్లు దింపించే పనికి పంపారు. తగరపువలసలో మా ఆవిడకి అది ప్రమోషనని చెప్పాను.

కొన్నాళ్ళకి ఆ పాత కాలమ్‌కే మళ్ళీ మరమ్మతు. తాళం బావది, చెవి బావ జేబులో. సాయానికి పిలిస్తే వెళ్ళాను. బావ చూడకుండా అతని క్యారేజీని ఆ చల్లటి మూత మీద పెట్టాను. వేడెక్కుతుందన్న నమ్మకమేం లేదు, ఒట్టి ఉక్రోషం.

“ఓలమ్మో! ఇదేటి ఇలా కాలిపోతంది!”

చేపల పులుసు బావ చొక్కా నిండా పొర్లింది. సీసాలో బుడగలు. నేనూ కాలమ్‌ని తాకి చూశాను.

బొగ్గు గ్యాస్‌ని పీల్చేటప్పుడు కాస్త గోరువెచ్చనవుతుంది, నిజమే. కానీ వాల్వులు మూసే ఉన్నాయి, గోరువెచ్చదనానికి పులుసు మరగదు. అదేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

మేడమ్ వచ్చేసరికి అంతా చల్లారిపోయింది.

“సెప్పు బావా, నువ్వూ ముట్టుకున్నావు గదా! నాను అబద్ధం ఆడతన్నానా?” బావ కళ్ళలో నీళ్ళు.

మేడమ్ నావైపు చూశారు. ఔనంటే ఇద్దరి మాటా నిలబడేది.

“నాకైతే చల్లగానే ఉంది మేడమ్” అన్నాను, బొబ్బలెక్కుతున్న వేళ్ళని జేబులో దాచుకుని.