తాటిచెట్టు మీంచి కనబడిన ఓడ

తాలూకా కచేరీలో కాగితాలు సర్ది జీతం తీసుకున్నవాణ్ణి. కింద సంతకం లేని మాటని నమ్మే అలవాటు నాకు లేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎన్ని గంటలకు, ఏ దిక్కున అని అడిగి విసిగించేవాణ్ణి. అందుకే ఇది కూడా గంటతో, దిక్కుతో సహా చెబుతున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. మాది శంషాబాద్. యాదగిరి నాతోపాటు అదే కచేరీలో గుమాస్తా, చిన్నప్పటి నుంచీ నా జతగాడు. ఇద్దరికీ నెల రోజుల సెలవు మిగిలితే ఎటైనా పోదామనుకున్నాం. నేను హంపి అన్నాను.

“మనూర్ల రాళ్ళు తక్కువున్నయా?” అని వాడు కొట్టిపారేశాడు.

వాడికి పత్రికలో ఒక ప్రకటన దొరికింది. కాకినాడ నుంచి సింహళానికి సరుకు తీసుకెళ్ళే తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు మూడున్న ఓడ. సరదా ఉన్నవాళ్ళు అతిథులుగా రావచ్చు. కాని కూర్చుని తింటే కుదరదు, నావికులతో కలిసి తాళ్ళు లాగాలి, కొయ్యలెక్కి తెరచాపలు విప్పాలి. ఇంజన్లొచ్చాక ఇలాంటి ఓడలు ఎన్నాళ్ళో ఉండవు, పోతే ఇప్పుడే పోవాలని యాదగిరి పట్టుబట్టాడు. సముద్రం ముఖం ఎరగని ఇద్దరం దాన్నే ఖాయం చేసుకున్నాం.

మరి కొయ్య ఎక్కడం రావాలి గదా. కొత్తూరు దారిలో కల్లు గీసే మల్లయ్య దగ్గరికి పోయి, తాటిచెట్టెక్కడం నేర్పమన్నాం. పడీ పడీ నవ్వాడు. నవ్వి, నేర్పాడు.

నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడుని మోకు అంటారు. దాని మీద వెనక్కి వాలితే మనిషి బరువంతా అదే మోస్తుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. గీసేవాడు పైన కత్తి పట్టగలిగేది అందుకే.

“చేతులు ఇడువుండ్రి పటేలా, మోకును నమ్ముండ్రి” అని మల్లయ్య కింద నుంచి అరిచేవాడు.

నాకు రెండు వారాలు పట్టింది. యాదగిరికి నాలుగు రోజులు చాలాయి. పైకి పోయి, వెనక్కి వాలి, రెండు చేతులూ ఎత్తి, పక్క చెట్టు మీద కరుచుకుని ఉన్న నన్ను ఎగతాళి చేసేవాడు.

తీరా చూస్తే పైఅధికారి ఇద్దరికీ ఒకేసారి సెలవు ఇవ్వనన్నాడు. యాదగిరి నన్ను పొమ్మన్నాడు. ఆశ వాడిది, అందుకని నేనే వాణ్ణి పంపాను. వాళ్ళమ్మకు వాడొక్కడే. ఆమె వద్దంటే పక్కన కూర్చుని ఒప్పించింది కూడా నేనే.

వాడు వెళ్ళాక వచ్చిన మూడో శుక్రవారం. నవాబుల పాలన కనుక అప్పట్లో మాకు సెలవు ఆ రోజే. నాకు లోపల అసూయగానే ఉండేది. వాడు సముద్రం మీద ఉంటే నేను తాటిచెట్టు మీదైనా ఉంటానని పొద్దున్నే మల్లయ్య మోకు అడిగి తీసుకుని ఎక్కాను. స్టేషన్లో తొమ్మిదింటి బండి కూత వేసింది. దక్షిణం వైపు చూశాను.

కొత్తూరు వైపు జొన్నచేలు ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి. చెరువు కాదు, దానికి అవతలి గట్టు లేదు. నీళ్ళ మీద మూడు కొయ్యల ఓడ, తెల్లటి తెరచాపలు. నడిమి కొయ్య మీద ఒక మనిషి. ముఖం తెలిసేంత దగ్గర కాదు, అయినా వాడేనని తెలిసిపోయింది. భయం వేయలేదు. పట్టరాని సంతోషం వేసింది. మోకు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ ఎత్తి ఊపాను.

వాడూ రెండు చేతులూ ఎత్తాడు.

“ఎవలికి ఊపుతున్నరు పటేలా? ఆడ జొన్నచేను తప్ప ఏమున్నది?” అని మల్లయ్య కేకేశాడు. కిందికి చూసి మళ్ళీ తల ఎత్తేసరికి జొన్నచేలే ఉన్నాయి. పరగడుపున ఎక్కితే కళ్ళు తిరుగుతాయని మల్లయ్య అన్నాడు. నేనూ అదే అనుకుని, ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాను.

పది పన్నెండు రోజులకు యాదగిరి తల్లి కబురు పెట్టింది. ఉత్తరం వచ్చింది, చదివి చెప్పమని. కొడుకు రాశాడనుకుని ముఖమంతా నవ్వుతో ఎదురుగా కూర్చుంది. రాసింది ఓడ నడిపే సరంగు.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిది దాటిన వేళ, గాలి నిలకడగా ఉండగా, యాదగిరి నడిమి కొయ్య మీంచి పడిపోయాడు. పొద్దుగూకే దాకా వెతికారు. దొరకలేదు. కొయ్య మీద ఉన్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ తాడును వదలకూడదని మొదటి రోజే చెప్పామని సరంగు రాశాడు. తరవాత ఈ వాక్యం ఉంది: “‘అగో మా నర్సింలు, తాటిచెట్టెక్కిండు’ అని అరిచి, మీ అబ్బాయి రెండు చేతులూ పైకెత్తాడు; అటు చూస్తే మాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.”

నర్సింలు అంటే నేను.

ఆ వాక్యం పైకి చదవలేదు. దాటేసి కింది వరస చదివాను. ఆమె ఏడుపులో నా తడబాటు ఎవరూ గమనించలేదు.

మల్లయ్యకు ఒక్కడికే చెప్పాను. “మీరు చేతులూపింది నిజమే, నేను చూసిన. ఎవలికో నాకు కనవడలే” అన్నాడు. నా తరఫున ఉన్న సాక్ష్యం ఇంతే. జొన్నచేల మీదికి ఆ నీళ్ళు ఎలా వచ్చాయో, అన్ని వందల మైళ్ళ అవతల వాడికి నేనెలా కనబడ్డానో ఇవాళ్టికీ చెప్పలేను. నేను ఊపకుండా ఉంటే వాడు బతికేవాడా అన్నదీ తెలియదు. నా నడుముకు మోకు ఉంది. వాడికి లేదు.

ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ప్రతిసారీ అదే వాక్యం దాటేశాను. ఒకసారి మధ్యలో ఆపి అడిగింది.

“ఆఖరికి ఏమన్న అన్నడా బిడ్డా? నన్ను అవ్వా అని పిలిచిండా?”

వాడు పిలిచింది నన్ను.

“ఏం రాయలేదు పెద్దమ్మా” అన్నాను.

ఆమె కాసేపు కాగితం వైపే చూసింది.

“అవు, ఉంటే నువ్వు సదువకపోతవా” అంది.