మావయ్య పాకలో గాలి

మా సింహాచలం మావయ్య ఇక లేరు. ముందురోజు సాయంత్రం చూసి వచ్చిన మనిషి తెల్లవారేసరికి దివంగతులయ్యారని ఫోన్‌లో చెబితే నా మనసు ఒప్పుకోలేదు.

రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి, రిటైరయ్యాక ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్ వదిలి, ఝపటాపూర్‌లో ఇంటి వెనక రేకుల పాక వేసి గేదెల్ని పెట్టుకున్నారాయన. ఆయన పాల రుచి ఈ బెంగాలీ ఊళ్లోని తెలుగువారందరికీ తెలుసు. ఆ పాకలోని గాలి సంగతి మాత్రం కొందరికే తెలుసు.

సాయంత్రం దోమలకు వేపాకు పొగ వేసి, పీట మీద కూర్చుని దాని గమనం చూసేవారు. గేదెల ఒంటి వేడికి గాలి లేచి, వాటి వీపుల మీదుగా కప్పు నడుమ వదిలిన సందులోంచి బయటికి పోయేది. ఆ ఖాళీలోకి తడికల సందుల్లోంచి చల్లగాలి వచ్చేది. "ఫేను ఏటికమ్మా? గేదే ఫేను. ఎక్కడ కట్టాలో తెలిస్తే సాలు" అనేవారు. పొగ ఎక్కడైనా సుడి తిరిగి ఆగితే, లేచి ఒక గేదెను విప్పి మరో గుంజకు కట్టేవారు. భారీకాయం గల గౌరిని గుమ్మం దగ్గర కట్టనిచ్చేవారే కాదు. "అది నిలబడితే గోడే. ఎనకున్నవాటికి ఊపిరాడద్దా?"

ఒక చలికాలం మా అత్తయ్య జాలి కొద్దీ ఆ కప్పు సందులో గోనెలు కుక్కింది. తెల్లారేసరికి రేకుల నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి, గేదెలు దగ్గుతున్నాయి. "సలికని జాలిపడి మూసినాను" అంది అత్తయ్య. "నీ జాలి మండిపోనూ! గొడ్లు సలికి సావవే. వాటి ఊపిరి వాటికే తిరిగి తగిల్తే సస్తాయి" అంటూ మావయ్య గోనెలు పీకేశారు. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది, ఎంతోసేపు నిలిచేది కాదు.

అంతటివారిని ఊపిరితిత్తుల వ్యాధి మంచాన పడేసింది. ఆ చివరి సాయంత్రం, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి దూరాన ఉన్న తాల్‌బగీచా నుంచి కూడా మనవాళ్లు వచ్చారు. జబ్బు మనిషిని చూడ్డానికి రాకపోవడం మనలో తప్పు, వచ్చి దూరంగా నిలబడడం మరీ తప్పు. గుమ్మంలో కొందరు, కిటికీకి ఆనుకుని కొందరు, మంచం చుట్టూ మిగిలినవారు. అందరిదీ ప్రేమే. మావయ్య నన్ను సైగతో పిలిచారు. "గాలికి అడ్డం... ఇడదీసి కట్టమ్మా" అన్నారు.

"కాస్త జరగండి" అన్నాను. "ఏటన్నారు? ఏటన్నారు?" అంటూ అందరూ మరింత దగ్గరికి వంగారు. మేం దాదా అని పిలిచే పక్కింటి బెంగాలీ పెద్దాయన "హవా ఆస్తే దావ్!" అని, గాలి రానివ్వమని కేకలేస్తూ తానూ మంచం పక్కకే వచ్చారు. పెద్దలు, ఆప్తులు. ఎవరిని పొమ్మనగలను? పేపరు మడిచి విసురుతూ కూర్చున్నాను. ఆ నిస్సహాయత నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కర్మకాండ ముగిశాక, చూసే దిక్కు లేక గేదెలు ఒక్కొక్కటీ అమ్ముడైపోయాయి. గౌరి ఒక్కతే మిగిలింది. నిన్న సాయంత్రం ఆ పుణ్యమూర్తికి నమస్కరించి నేనే పొగ వేశాను. అది గౌరి వీపు దాకా లేచి, అక్కడే పరుచుకుని పాకంతా కమ్మేసింది. అంత పాకకు ఒక్కదాని ఒంటి వేడి చాలడం లేదు. గుంజ మార్చి కట్టాను, తలుపు బార్లా తీశాను. గౌరి దగ్గుతూనే ఉంది.

మావయ్యా, దీన్ని ఎక్కడ కట్టమంటావు?